కొబ్బరి తోటలో కొత్త కోచ్‌లకి విందు

కోనసీమకి ఎప్పుడైనా వచ్చారా మీరు? వస్తే అమలాపురంతోనే ఆగిపోకండి. అక్కణ్ణించి పి.గన్నవరం వెళ్ళే బస్సెక్కి అంబాజీపేటలో దిగండి. దిగీ దిగగానే మీకు కనబడేది కొబ్బరి. లారీల మీద కొబ్బరి, కొట్లలో కొబ్బరి, రోడ్డు పక్క పీచు గుట్టలు, గాలిలో ఎండుకొబ్బరి వాసన. చుట్టుపక్కల ఊళ్ళలో దింపు అయిన కాయంతా ఇక్కడి మార్కెట్టుకే వస్తుంది. కొబ్బరి పరిశోధనా స్థానం కూడా ఇక్కడే ఉంది. 'గోదావరి గంగ' అనే సంకర రకం పుట్టినిల్లు అదే. ఈమధ్య, అంటే 2024లో, 'అంబాజీపేట మ్యారేజి బ్యాండు' సినిమా వచ్చాక మా ఊరి పేరు హైదరాబాదు వాళ్ళకీ తెలిసింది. అంతకు ముందు ఎక్కడా అని అడిగితే "అమలాపురం పక్కనండీ" అని చెప్పుకోవలసి వచ్చేది!

అయితే నేనివాళ మీకు చెప్పబోయేది కొబ్బరి గురించీ కాదు, సినిమా గురించీ కాదు. అంబాజీపేటకి దగ్గర్లోనే ఉన్న ఒక పల్లెలో, కొబ్బరి తోటలో జరిగిన ఓ మధ్యాహ్నపు విందు గురించి. పెళ్ళి కాదు, పేరంటం కాదు. షటిల్ ఆట నేర్పడానికి కొత్తగా వచ్చిన కోచ్‌లకి, ఆ ఆటంటే పడిచచ్చే ఊరివాళ్ళందరూ కలిసి పెట్టిన భోజనం.

షటిల్ పిచ్చి మా వైపు ఇంతగా ముదరడానికి కారణం మీకు తెలిసే ఉంటుంది. సాత్విక్ సాయిరాజ్ అమలాపురం కుర్రాడు. 2000లో పుట్టాడు. తండ్రి కాశీ విశ్వనాథం గారు వ్యాయామ ఉపాధ్యాయులు. ఆయన 2025 ఫిబ్రవరిలో కాలం చేశారు, పాపం. ఈ అబ్బాయి, ముంబయి అబ్బాయి చిరాగ్ శెట్టీ కలిసి డబుల్స్ ఆడతారు. 2022 మే నెలలో బ్యాంకాక్‌లో మనవాళ్ళు ఇండోనేషియాని 3-0తో ఓడించి మొట్టమొదటిసారి థామస్ కప్పు గెలిచిన జట్టులో ఈ ఇద్దరూ ఉన్నారు. 2023లో ఏషియన్ గేమ్స్ బంగారు పతకం, అదే ఏడు అక్టోబరులో ప్రపంచంలో మొదటి ర్యాంకు. అదే ఏడాది జపాన్‌లో సాత్విక్ కొట్టిన స్మాష్ గంటకి 565 కిలోమీటర్ల వేగం అని గిన్నిస్ వాళ్ళు రాసుకున్నారు. మన గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎంత వేగంగా పోతుందో తలుచుకుని అప్పుడు లెక్క వేసుకోండి!

ఇంకేముంది, ఇంటింటా రాకెట్లే. ఆ పల్లెలో ఒక వ్యాపారి గారు కొబ్బరికాయల గోడౌను ఒకటి ఖాళీ చేసి ఇచ్చారు. తోటలో ఆడుకోవచ్చుగా అంటారేమో, గాలికి షటిల్ నిలవదండీ. పదహారు ఈకలతో చేసిన వస్తువు, చిన్న గాలి తగిలితే పక్కింటి పెరట్లో పడుతుంది. కోర్టు పొడవు 13.40 మీటర్లు, డబుల్స్‌కి వెడల్పు 6.10. గోడౌనులో సరిగ్గా పట్టింది గానీ ఎత్తు చాలదు. పైకి లేపి కొడితే రేకుల కింద ఇనుప దూలానికి తగులుతుంది. అయినా పిల్లలు అందులోనే నేర్చుకున్నారు. నేర్పింది ఓ రిటైరైన మాస్టారు. రూపాయి పుచ్చుకోకుండా, ఆరేళ్ళపాటు. మోకాళ్ళ నొప్పులెక్కువై ఆయన కొడుకు దగ్గరికి విశాఖపట్నం వెళ్ళిపోయారు. ఊరంతా ఆయన్ని బస్సెక్కించడానికి వెళ్ళిందంటే నమ్ముతారా?

ఆయన చోట ముగ్గురొచ్చారు. పెద్ద కోచ్ గారికి నలభై దాటి ఉంటాయి, మితభాషి. రెండో ఆవిడ పాతికేళ్ళ పిల్ల, యూనివర్సిటీ జట్టుకి ఆడిందట. మూడో అబ్బాయి పని ఒళ్ళు వంచే వ్యాయామాలు, పరుగులు. వచ్చిన వారానికే గొడవ మొదలు. కారణం ఏమిటంటే పెద్ద కోచ్ గారు గోడౌను తలుపు మూసేశారు! సాధన జరుగుతున్నప్పుడు చుట్టూ నిలబడి చూడకూడదు, అరవకూడదు, ఆదివారం మాత్రం రావచ్చు అన్నారు. మా వాళ్ళ సంగతి మీకు తెలీదు. కనుమ నాడు జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ళ రుద్రుల ప్రభలు వస్తాయి. ఆ ప్రభలు మోసుకుంటూ కౌశిక దాటేటప్పుడు తమ ఊరి ప్రభకి వీళ్ళు వేసే కేకలు వినాలి. అలాంటి వాళ్ళని తలుపు బయట నిలబెడితే ఊరుకుంటారా? "షటిల్ డబ్బాలు కొనిచ్చేది మేమూ, చూడొద్దనేది ఈయనానా?" అని ఒక దాత గారు అలిగి కూర్చున్నారు. పాత మాస్టారి పేరు ఎత్తని రోజు లేదు.

ఆ అలకలు తీర్చడానికే ఈ విందు. ఆలోచన మగవాళ్ళది, వండింది మేము. అంతే కదండీ ఎక్కడైనా!

అన్నట్టు, మా ఆడపడుచు కూతురు అమెరికాలో ఉంటుంది. ఫోనులో ఈ మాట చెబితే "అత్తా, ఇక్కడా అచ్చం ఇదే" అని ఒకటే నవ్వు. అక్కడ కాలేజీల ఫుట్‌బాల్ అంటే మనం అనుకునే కాలి బంతి కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తడం, ఒకరి మీద ఒకరు పడడం. కాలేజీ ఆటే గానీ మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో లక్షా ఏడు వేల పైచిలుకు జనం పడతారు. ఆ జట్లని అభిమానించే వాళ్ళు సంఘాలు పెట్టుకుని, టిక్కెట్టు కొనుక్కుని మరీ మధ్యాహ్న భోజనాలకి చేరతారట. కొత్త కోచ్ వస్తే తన సహాయకులందర్నీ వెంటబెట్టుకుని అక్కడికి వచ్చి, ఈసారి ఎలా ఆడించబోతున్నాడో చెప్పాలి. భోజనం చేస్తూనే వీళ్ళు ప్రశ్నలేస్తారు. మెచ్చినంత కాలం నెత్తిన పెట్టుకుంటారు, నచ్చకపోతే పంపించేస్తారు. 2023 నవంబరులో టెక్సాస్ ఎ అండ్ ఎం కాలేజీ వాళ్ళు జింబో ఫిషర్ అనే కోచ్‌ని గడువుకి ముందే తీసేసి, ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సిన సొమ్ము ఏడున్నర కోట్ల డాలర్ల పైన ఒప్పుకున్నారు. మన డబ్బులో ఆరు వందల కోట్ల పైమాటే! పని చెయ్యొద్దని చెప్పడానికి అంత సొమ్మా అని మావారు రెండు రోజులు అదే తలుచుకున్నారు.

మా విందుకి టిక్కెట్టు లేదు. ఎవరింట్లో ఉన్నది వాళ్ళు తెచ్చారు. పనసపొట్టు కూర, ముద్దపప్పు, గుమ్మడికాయ దప్పళం, కొబ్బరి మామిడి పచ్చడి, బూరెలు, ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకులు. మాంసాహారం తినేవాళ్ళకి అవతల పందిట్లో కోడికూర. వీటన్నిటితోపాటు మా అంబాజీపేట పొట్టిక్కలు లేకపోతే ఎలా? తెలియని వాళ్ళ కోసం చెబుతాను. నాలుగు పనసాకుల్ని కొబ్బరి ఈనె పుల్లలతో కుట్టి చిన్న బుట్టలా చెయ్యాలి. ఆకులు మరీ లేతవైతే చిరుగుతాయి, మరీ ముదురైతే వంగవు. మినప్పప్పు రుబ్బి, కడిగి పిండిన ఇడ్లీ రవ్వ కలిపి రాత్రంతా ఉంచాలి. పొద్దున్నే ఆ పిండి బుట్టల్లో ముప్పాతిక వంతు పోసి ఆవిరి మీద ఉడికించడమే. బుట్ట లోతు కాబట్టి మామూలు ఇడ్లీకన్నా ఎక్కువసేపు పడుతుంది. పుల్ల గుచ్చి చూసి దించుకోండి. పనసాకు వాసన పట్టి ఎంత బావుంటుందో! అల్లం పచ్చడి దీనికి జోడీ.

అన్ని వంటలుండగా పెద్ద కోచ్ గారు పొట్టిక్కలే నాలుగు తిన్నారు. నూనె లేని ఆవిరి వంట, ఆటకి రెండు గంటల ముందు పిల్లలకి ఇంతకన్నా మంచి టిఫిన్ లేదు అన్నారు. బూరెలు వండిన మా వదినగారి మొహం చూడాలి!

అరిటాకులు తీసేశాక ప్రశ్నలు మొదలయ్యాయి. ముందు వరస మగవాళ్ళంతా పతకాల గురించే. "ఎన్నాళ్ళకి మనవాళ్ళు రాష్ట్రానికి ఆడతారండీ?" "ఇంకో సాత్విక్ ఎప్పుడండీ?" ఆ అలిగిన దాత గారైతే తిన్నగానే అడిగేశారు, "పాత మాస్టారు తలుపు మూసేవారు కాదే?" అని. అందరం ఊపిరి బిగబట్టాం.

కోచ్ గారు కోప్పడలేదు. సాత్విక్ కథే చెప్పారు. ఆయనా, చిరాగూ ఇద్దరూ వెనక నుంచి గట్టిగా కొట్టే రకమే. డబుల్స్‌లో ఒకరు ముందుండాలి కదా, ఈ ఇద్దర్నీ కలపడమేమిటని అనుకునే రోజుల్లో, మలేషియా నుంచి వచ్చిన టాన్ కిమ్ హర్ అనే కోచ్ పట్టుబట్టి కలిపారు. ఆయన 2019లో వెళ్ళిపోయారు. తర్వాత ఇండోనేషియా నుంచి ఫ్లాండీ లింపెలె వచ్చారు, ఆయనా వెళ్ళారు. 2021లో డెన్మార్క్ నుంచి మథియాస్ బో వచ్చారు. (ఈయనెవరో కాదండీ, 'ఝుమ్మంది నాదం' తాప్సీకి భర్త!) 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో మనవాళ్ళు ఓడిపోయాక ఆయనా సెలవు తీసుకున్నారు. 2025లో మళ్ళీ ఆ పాత టాన్ గారే వచ్చారు. "ఒక్కో కోచ్ వచ్చినప్పుడు ఆ అబ్బాయిలు ఎంతో కొంత మార్చుకోవలసే వచ్చింది. తలుపు మూసింది మీ మీద కోపంతో కాదండీ. తప్పు ఆడినప్పుడు పిల్లవాడు మీ మొహాలు చూస్తున్నాడు. షటిల్ చూడాలి కదా" అన్నారు. దాత గారు ఏమీ అనలేదు. మజ్జిగ గ్లాసు మాత్రం ఖాళీ చేశారు. అలక పూర్తిగా తీరిందని నేను చెప్పను. ఆ నెల డబ్బాలు సగమే పంపారు.

నాకు మాత్రం ఈ ప్రశ్నల కన్నా ముఖ్యమైన సంగతి వెనక, మా ఆడవాళ్ళ వరసలో జరిగింది. కోచ్ అమ్మాయి వచ్చి మా మధ్యనే కూర్చుంది. తన దగ్గర ఉన్న పేర్ల పుస్తకం తీసి మాకు చూపించింది. పది పన్నెండేళ్ళ లోపు ఆడపిల్లలు పద్నాలుగు మంది. పదమూడు దాటిన వాళ్ళు ఇద్దరు. "మిగతావాళ్ళు ఏమయ్యారమ్మా?" అని అడిగింది. ఒక్కరూ మాట్లాడలేదు. ఏమయ్యారో మాకు తెలియదా? పెద్దమనిషి అయ్యారు. నిక్కరు వేసుకుని ఆడడం బాగుండదన్నారు ఇంట్లో. పొద్దున్నే అయిదింటికి చీకట్లో పంపలేమన్నారు. నెలలో ఆ మూడు రోజులు వెళ్ళకూడదన్నారు.

మా వీధి చివరింటి పిల్ల కథా అదే. తొమ్మిదో తరగతి. వాళ్ళమ్మ కొబ్బరి కొట్టులో కాయ లెక్కపెట్టే పనికి వెళ్తుంది, ఇంట్లో మాట చెల్లేది మామ్మగారిదే. ఆ పిల్ల జిల్లా పోటీలకి ఎంపికైన నెల్లోనే రాకెట్టు అటకెక్కింది. మామ్మగారు విందుకి వచ్చారు, మనవరాలూ వచ్చింది. వడ్డన చేస్తోందే గానీ పిల్ల కళ్ళన్నీ గోడౌను వైపే.

కోచ్ అమ్మాయి ఉపన్యాసం ఇవ్వలేదు సుమండీ. మామ్మగారి పక్కన చేరి, తనకి నెలసరి వచ్చినప్పుడు వాళ్ళమ్మ ఏం చేసేదో, ఎలా ఆడేదో నెమ్మదిగా చెప్పింది. మోకాళ్ళ దాకా వచ్చే లెగ్గింగు వేసుకుని ఆడొచ్చు, ఎవరూ కాదనరు అంది. నొప్పి ఉన్న రోజు కూర్చోబెడతాను, లేని రోజు ఆడిస్తాను అంది. రక్తం తక్కువగా ఉంటే ఆట ఆడినా ఆడకపోయినా పిల్ల నీరసించిపోతుంది, మునగాకు, తోటకూర, బెల్లం వేసిన నువ్వుండ, గుడ్డు తినేవాళ్ళయితే రోజూ ఒక గుడ్డు పెట్టండి, ఒకసారి రక్తపరీక్ష చేయించండి అంది. మామ్మగారు అంతా విని, "చీకట్లో మాత్రం పంపను" అన్నారు. "సాయంత్రం పంపండి, నేనే ఇంటిదాకా దిగబెడతాను" అంది ఆ పిల్ల. "పదో తరగతి పరీక్షల దాకానేనమ్మా, ఆ తర్వాత చూద్దాం" అన్నారావిడ. "ఆయ్, అలాగేనండి" అంది కోచ్ అమ్మాయి, మన గోదావరి యాస అప్పుడే పట్టేసి!

ఆ సాయంత్రమే ఇంకో ఏర్పాటు కూడా అయింది. పెద్ద కోచ్ గారు శాలువా వద్దన్నారు, పూలదండ వద్దన్నారు. "ఇవాళ నలుగురం తిన్నదానితో పిల్లలకి నెల్లాళ్ళు గుడ్లు, పాలు వచ్చేవి" అన్నారు. కాస్త కటువుగానే అన్నారు, పెట్టినవాళ్ళకి చివుక్కుమంది కూడా. కానీ మాట నిజమే. పక్కనే లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు గోదావరి దాటి వచ్చే బాటసారులకి వేళ కాని వేళ కూడా వండి పెట్టిన నేల ఇది. గన్నవరం అక్విడక్టుకి ఆవిడ పేరే. 2024 నుంచి రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే పెట్టారు. ఆవిడ ఏడాదికో విందు పెట్టి ఊరుకోలేదు కదా! అందుకని మేం ఇళ్ళ వారీగా వంతులు వేసుకున్నాం. సాధన అయ్యాక పిల్లకి ఒక ఉడికిన గుడ్డు, తినని వాళ్ళకి వేరుశెనగ ఉండ, గ్లాసుడు పాలు. ముప్పై ఒక్క మంది పిల్లలు. వంతు ఇంటికి నెలకి ఒక్కసారే పడుతుంది, భారం అనిపించదు. వేరుశెనగ ఉండలకి బెల్లం పాకం మరీ ముదరనివ్వకండి, చిన్నపిల్లలు కొరకలేరు.

మీరెవరైనా మా వైపు వస్తే ఆదివారం రండి. ఆ ఒక్కరోజూ తలుపు తీసి ఉంటుంది. మామ్మగారు మటుకు మిగతా సాయంత్రాలు కూడా గోడౌను బయట అరుగు మీద, మనవరాలి చెప్పులు పక్కన పెట్టుకుని కూర్చుంటున్నారు. లోపలికి చూడకూడదుగా, చప్పుళ్ళు లెక్కపెడుతుంటారు.