ఇందూరులో నిలబడే బండి

ఇందూరు అని పిలుచుకునే నిజామాబాద్, బోధన్, ఆర్మూరు, బాన్సువాడ వైపు నుంచి గల్ఫ్‌కి వచ్చి నాలుగు రూపాయలు వెనకేసుకున్నవాళ్ల వరుస దాదాపు ఒక్కటే. ముందు అప్పులు, తర్వాత ఇల్లు, ఆడపిల్ల పెళ్లి, ఆ తర్వాత కారు. ఇల్లు ఎట్లా కట్టాలో, సంబంధం ఎక్కడ చూడాలో ఊళ్లో పెద్దలు చెప్తారు. కారు సంగతికి వచ్చేసరికి నిర్ణయమంతా ఇక్కడే, డ్యూటీ దిగాక ఫోన్‌లో వీడియోలు చూస్తూ జరిగిపోతుంది. ఈ మధ్య ఆ చర్చ రెండు పేర్ల మధ్యే తిరుగుతోంది. ఒకటి హ్యుందాయ్ క్రెటా, రెండోది టొయోటా హైరైడర్. అందులోనూ క్రెటా అంటే డీజిల్, హైరైడర్ అంటే హైబ్రిడ్ అని ముందే స్థిరపడిపోతారు. నాకు ఈ పోలికతోనే పేచీ ఉంది. కష్టపడి పంపే డబ్బుతో కొనే బండి గనక దాన్ని కంపెనీ కాగితాల మీద కాక, అది బతకబోయే చోట పెట్టి తూచాలి. అది బతికేది మనం ఉన్న చోట కాదు. ఏడాదిలో పదకొండు నెలలు మనం లేని ఇంటి ముందు.

ముందు బండ్ల సంగతి. క్రెటా 2015 నుంచి మన దేశంలో అమ్ముడవుతోంది, తయారయ్యేది చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరులో. 2024 జనవరిలో వచ్చిన రూపంలో మామూలు పెట్రోలు ఇంజిన్, టర్బో పెట్రోలు, డీజిల్ మూడూ ఉన్నాయి, మూడూ లీటరున్నర ఇంజిన్లే. హైరైడర్ 2022లో వచ్చింది. టొయోటా, సుజుకీ కలిసి చేసిన బండి, బెంగళూరు దగ్గర బిడదిలో తయారవుతుంది, మారుతి గ్రాండ్ విటారాకి తోబుట్టువు. దాని చౌక రకాల్లో ఉన్నది సుజుకీ ఇంజిన్. హైబ్రిడ్ రకాల్లో మాత్రం టొయోటా వారి మూడు సిలిండర్ల ఇంజిన్, దానికి తోడు కరెంటు మోటారు ఉంటాయి. ఇక్కడ చాలామంది గమనించని అంకె ఒకటుంది. క్రెటా మామూలు పెట్రోలు శక్తి 115 పీఎస్, హైరైడర్ హైబ్రిడ్ మోటారూ ఇంజినూ కలిపి ఇచ్చేది 116. అంటే హైబ్రిడ్‌కి పెట్టే అదనపు డబ్బు లాగుడు కోసం కాదు, ఇంధనం ఖర్చు ఆదా కోసమే. పైగా హైబ్రిడ్ బ్యాటరీ డిక్కీ అడుగున కూర్చుంటుంది గనక సామాన్ల చోటు బాగా తగ్గుతుంది. క్రెటా డిక్కీ 433 లీటర్లు. శంషాబాద్ విమానాశ్రయంలో దిగి రెండు పెద్ద సూట్‌కేసులు, తాళ్లు కట్టిన అట్టపెట్టెలతో ఇంటికి బయలుదేరే మనిషికి ఈ తేడా మొదటి రోజే తెలుస్తుంది.

హైబ్రిడ్ మీద మనవాళ్లకున్న నమ్మకం ఊరికే పుట్టలేదు. దుబాయ్ ట్యాక్సీల్లో హైబ్రిడ్ క్యామ్రీలు ఎన్నో. పగలూ రాత్రీ షిఫ్టులు మారుతూ తిరిగే ఆ బండ్లు లక్షల కిలోమీటర్లు దాటినా నడుస్తుండటం రోజూ కళ్లముందు కనిపించేదే. ఆ సాక్ష్యాన్ని నేను కాదనను. అయితే అది దేనికి సాక్ష్యమో చూడాలి. హైబ్రిడ్ బండి బ్రేకు వేసినప్పుడల్లా వృథాగా పోయే శక్తిని బ్యాటరీలోకి మళ్లించి, మళ్లీ కదిలేటప్పుడు వాడుకుంటుంది. సిగ్నళ్ల దగ్గర ఆగుతూ సాగుతూ రోజంతా తిరిగే ట్యాక్సీకి ఇంతకంటే తగిన యంత్రం లేదు. ఎంత తిరిగితే అంత ఆదా. తిరగని బండికి ఆదా చేయడానికి ఏముంటుంది? ట్యాక్సీలో చూసిన గుణాన్ని, వారానికి రెండుసార్లు నిజామాబాద్ ఖలీల్‌వాడిలో డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చే బండికి ఆపాదించడమే పొరపాటు.

లెక్క వేద్దాం. నిజామాబాద్‌లో అమ్మానాన్నలు, భార్యాపిల్లలు ఉన్న ఇంటి బండి వారానికి అరవై కిలోమీటర్లు పట్టణంలో తిరిగిందనుకుందాం. ఏడాదికి మూడు వేలు. పెళ్లిళ్లు, బోధన్, వర్ని చుట్టాలు, బాసర దర్శనం కలిపి ఇంకో రెండు వేలు. శంషాబాద్ విమానాశ్రయానికి, హైదరాబాద్ ఆసుపత్రులకి రానూపోనూ నాలుగు వందల చొప్పున ఐదు సార్లంటే రెండు వేలు. మొత్తం ఏడు వేలు. కంపెనీలు చెప్పే మైలేజీ హైరైడర్ హైబ్రిడ్‌కి 27.97, క్రెటా డీజిల్ ఆటోమేటిక్‌కి 19.1, క్రెటా పెట్రోలు ఆటోమేటిక్‌కి 17.7. మన రోడ్ల మీద ఆ అంకెలు రావు గనక అన్నిట్లోనూ పావు వంతు కోసేద్దాం. పెట్రోలు లీటరు 108 రూపాయలు, డీజిల్ 96 అనుకుంటే ఏడు వేల కిలోమీటర్లకి హైబ్రిడ్‌కి 36 వేలు, డీజిల్‌కి 47 వేలు, మామూలు పెట్రోలుకి 57 వేలు అవుతుంది. హైబ్రిడ్ వల్ల పెట్రోలు మీద మిగిలేది ఏడాదికి ఇరవై ఒక్క వేలు. దాని కోసం కొనేటప్పుడు మూడు లక్షలు ఎక్కువ పెడితే ఆ డబ్బు తిరిగి రావడానికి పద్నాలుగేళ్లు పైనే పడుతుంది. జీవిత పన్ను కూడా బండి ధర మీదే వేస్తారు గనక ఎక్కువ ధర బండికి పన్నూ ఎక్కువే. హైబ్రిడ్ బ్యాటరీకి టొయోటా ఇచ్చే వారంటీ ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. మన బండి ఎనిమిదేళ్లలో తిరిగేది యాభై ఆరు వేలు. లక్ష కిలోమీటర్ల పైచిలుకు వారంటీ వాడుకోకుండానే గడువు తీరిపోతుంది. బండి నిలబడి ఉన్నా క్యాలెండరు నిలబడదు.

ఇక డీజిల్. ఏడాదికి పదివేలు ఆదా అవుతున్నప్పుడు డీజిల్ తీసుకోవచ్చు కదా అనేది న్యాయమైన ప్రశ్నే. అయితే 2020 ఏప్రిల్ నుంచి అమ్మే బీఎస్6 డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కాలి, అందుకు బండి కొంతసేపు ఆగకుండా వేగంగా పరుగెత్తాలి. నిజామాబాద్‌లో పులాంగ్ నుంచి గాంధీ చౌక్‌కి, అక్కడి నుంచి ఇంటికి పది నిమిషాల ప్రయాణాలు మాత్రమే చేసే బండిలో మసి పేరుకుపోతుంది, డాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు వెలుగుతుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీదికి తీసుకెళ్లి కామారెడ్డి దాకా తోలి తెస్తే సమస్య తీరవచ్చు. కానీ ఆ పని ఎవరు చేస్తారు? అరవై ఐదేళ్ల తండ్రా, రోజు కూలికి పిలిచే డ్రైవరా? నిలబెట్టిన హైబ్రిడ్‌కీ ఇలాంటి బాధే ఉంది. పెద్ద బ్యాటరీ ఎంత మంచిదైనా, చిన్న పన్నెండు వోల్టుల బ్యాటరీ దిగిపోతే బండి మేలుకోదు. మామూలు పెట్రోలు బండికీ ఆ బ్యాటరీ దిగుతుంది, కానీ సందు చివరి మెకానిక్‌కి దాంతో చేయి తిరిగి ఉంటుంది.

పెట్రోలు అనగానే ఇప్పుడు వచ్చే అభ్యంతరం ఇథనాల్. బోధన్ వాళ్లు ఈ మాట మాట్లాడితే దానికి వేరే బరువు ఉంటుంది. నిజాంసాగర్ నీళ్లతో పండిన చెరకు మీద 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్నారు. 2002లో అందులో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. చక్కెర ఫ్యాక్టరీలో మిగిలే మొలాసిస్ నుంచి తీసే ఆల్కహాల్‌ని పెట్రోల్లో కలపాలన్న ఆలోచన మన దేశానికి కొత్తది కాదు, 1948లోనే దానికో చట్టం వచ్చింది. 2023 ఫిబ్రవరిలో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మొదలైంది, 2025 నాటికి దేశమంతా ఆ స్థాయికి చేరింది. చెరకు గానుగ ఆగిపోయిన ఊరి బంకులో ఇప్పుడు ఇథనాల్ పోస్తున్నారు. గల్ఫ్‌కి వచ్చినవాళ్లలో చెరకు రైతుల ఇళ్ల పిల్లలూ ఉన్నారు. ఫ్యాక్టరీ నడిచి ఉంటే ఆ ఇథనాల్ సొమ్ములో కొంతైనా బోధన్ రైతు చేతికి వచ్చేదన్న బాధ నాకుంది, దాన్ని దాచుకోను. అయితే బండి ఎంపికలో ఆ బాధని కలపకూడదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ గనక మైలేజీ కొంత తగ్గుతుంది, నేను కోసిన పావు వంతులో అదీ ఉంది. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లు ఈ పెట్రోలుని తట్టుకునేలా చేసినవే, క్రెటా అయినా హైరైడర్ అయినా. ఒక్క జాగ్రత్త నిజంగా అవసరం. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. వానాకాలమంతా అదే పెట్రోలుతో బండిని కదపకుండా ఉంచితే ట్యాంకులో నీరు చేరే ప్రమాదం ఉంది. పది రోజులకోసారి అర్సపల్లి మీదుగా ఎడపల్లి దాకా వెళ్లొస్తే పెట్రోలూ కొత్తదవుతుంది, బ్యాటరీ కూడా నిండుతుంది.

ఛుట్టీకి వచ్చిన నెల రోజులైనా మంచి బండిలో తిరగాలి కదా అని అడిగేవాళ్లున్నారు. ఆ కోరికని నేను తక్కువ చేయను. ఏళ్ల తరబడి ఎండలో పనిచేసిన మనిషికి ఆ నెల విలువ ఎంతో నాకు తెలుసు. కానీ క్రెటా పెట్రోలూ డీజిలూ బయటికి ఒక్కలాగే ఉంటాయి, పక్కన కూర్చునే తల్లికి సీటు ఎత్తూ ఏసీ చల్లదనమూ ఒక్కటే. ఇంజిన్ మీద మిగిలిన డబ్బుని భద్రత మీదా గేర్లు మార్చే అవసరం లేని ఆటోమేటిక్ మీదా పెడితే ఆ పదకొండు నెలలూ ఇంట్లోవాళ్లకి పనికొస్తుంది. భద్రత గురించి నిజం చెప్పుకోవాలి. 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ అప్పటి క్రెటాని, రెండే ఎయిర్‌బ్యాగులున్న రకాన్ని, గుద్దించి చూసి మూడు నక్షత్రాలే ఇచ్చింది. 2023 అక్టోబరు నుంచి హ్యుందాయ్ అన్ని రకాల్లోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు పెడుతోంది, అది మెరుగే. పై రకాల్లో వచ్చిన, డ్రైవరుకి సాయపడే ఎడాస్ గురించి మనవాళ్లు గొప్పగా చెప్తారు. లేన్ తప్పకుండా చూసే ఆ సాయం రోడ్డు మీద గీతలు సరిగ్గా కనబడితేనే పనిచేస్తుంది, జాతీయ రహదారి మీద ఉపయోగమే. రుద్రూరు, కోటగిరి రోడ్ల మీద రాత్రిపూట వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ, రోడ్డు సగం ఆక్రమించి ఎండబోసిన వడ్లు, వాటి చుట్టూ పేర్చిన రాళ్లు ఉంటాయి. అక్కడ మంచి హెడ్‌లైట్లు, బ్రేకులు, వెనక సీట్లోనూ బెల్టు పెట్టుకునే అలవాటు కాపాడతాయి.

అమ్మేటప్పుడు డీజిల్‌కి గిరాకీ ఉంటుందన్న మాట పల్లె వైపు నిజమే. అయితే తక్కువ తిరిగిన పెట్రోలు బండికీ కొనేవాళ్లు దొరుకుతారు, పైగా కొన్నప్పుడు తక్కువ పెట్టినవాడు అమ్మినప్పుడు పోగొట్టుకునేదీ తక్కువే. ఎలక్ట్రిక్ క్రెటా 2025 జనవరిలో వచ్చింది. కరెంటు బండ్లకి తెలంగాణలో 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను మినహాయింపు ఉంది. సొంత ఇల్లు, ఇంట్లోనే ఛార్జింగ్ పెట్టుకునే వీలు ఉండి పట్టణం దాటని కుటుంబానికి అది ఆలోచించదగ్గదే. విమానాశ్రయానికి రానూపోనూ నాలుగు వందల కిలోమీటర్లు మాత్రం మధ్యలో ఛార్జింగ్ లేకుండా నమ్ముకోలేం.

అందుకే నిజామాబాద్ ఇంటి ముందు నిలబడే బండికి క్రెటా మామూలు పెట్రోలు ఆటోమేటిక్ చాలంటాను. హైరైడర్ హైబ్రిడ్‌ని కొట్టిపారేయడం లేదు, దానికి సరైన ఇల్లు వేరు. గల్ఫ్ వదిలి వచ్చేసి బోధన్‌లో ఉంటూ రోజూ నిజామాబాద్‌కి పనికి వెళ్లొచ్చే మనిషిని తీసుకోండి. రానూపోనూ యాభై కిలోమీటర్లు, ఏడాదికి మూడు వందల రోజులు, అంటే పదిహేను వేలు. అదే లెక్కలో పెట్రోలు మీద ఏడాదికి 45 వేల దాకా మిగులుతుంది, అదనంగా పెట్టిన మూడు లక్షలు ఏడేళ్ల లోపే తిరిగొస్తాయి, బ్యాటరీ వారంటీ ఇంకా బతికి ఉండగానే. ఆ మనిషి హైరైడర్ హైబ్రిడ్ కొంటానంటే నేను వద్దనను.