తొమ్మిది పిన్నుల పంచాయితీ

దిబ్బూరహళ్ళిలో బోర్డులు కన్నడంలో, మాటలు తెలుగులో. చిక్కబళ్ళాపుర జిల్లా శిడ్లఘట్ట తాలూకాలోని ఈ ఊళ్ళో కాసేపు నిలబడితే పట్టుగూళ్ళ ధర దగ్గర్నుంచి పెళ్ళి కబుర్ల దాకా తెలుగులోనే చెవిన పడతాయి. నేను వెళ్ళింది మాత్రం కంప్యూటర్లు బాగుచేసే ఒక చిన్న అంగడికి. ముందు జెరాక్స్ మిషను, వెనక ఒక బల్ల. అసలు పని ఆ బల్ల మీదే.

ఆ పూట పట్టుదారం తీసే ఇంటి కుర్రాడొకడు గోనెసంచిలో చుట్టిన కంప్యూటరుతో దిగాడు. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో విడిభాగాలు కొని, వీడియో చూస్తూ తనే బిగించుకున్నాడట. స్విచ్చి నొక్కితే ఉలుకూ పలుకూ లేదు.

"మదర్‌బోర్డు కాలిపోయిందేమో అన్నా."

"కాలిపోలేదులేప్పా. ముందు వైర్లు చూద్దాం."

అంగడతను డబ్బా ముందువైపు నుంచి వచ్చే సన్నటి తీగలన్నీ ఊడబెరికాడు. స్క్రూడ్రైవరు మొనతో బోర్డు మీది రెండు పిన్నుల్ని ఒక్క క్షణం కలిపాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. కుర్రాడి ముఖం చూడాలి అప్పుడు!

పవర్ స్విచ్చి చేసేది అంతే, రెండు పిన్నుల్ని రెప్పపాటు కలపడం. కంప్యూటరు ఆపి ఉన్నా ప్లగ్గు పెట్టి ఉంటే బోర్డుకు 5 వోల్టుల కరెంటు అందుతూనే ఉంటుంది. పిన్నులు కలిశాయని తెలియగానే బోర్డు పవర్ సప్లైని లేపుతుంది. అందుకే స్విచ్చి తీగలకు తిరగా బోర్లా అన్నది లేదు, ఎటు గుచ్చినా పనిచేస్తాయి. లైట్ల సంగతి వేరు. ప్లస్సు మైనస్సు తారుమారైతే వెలగవు.

ఈ పిన్నుల అమరిక చాలా బోర్డుల్లో ఒకటే. రెండు వరసల్లో పది చోట్లు, ఒక మూల ఖాళీ, వెరసి తొమ్మిది. ఖాళీ ఉన్న వరసలో ముందు పవర్ లైటు జత, తర్వాత పవర్ స్విచ్చి జత. రెండో వరసలో హార్డ్‌డిస్క్ లైటు, దాని పక్కన రీసెట్. చివరి పిన్ను జోలికి పోనక్కర్లేదు. పిన్నుకూ పిన్నుకూ మధ్య 2.54 మిల్లీమీటర్లే. కుర్రాడు స్విచ్చి తీగను ఒక్క పిన్ను పక్కకు గుచ్చాడు. సగం లైటు జతలో, సగం స్విచ్చి జతలో. ఇంత రభసకూ కారణం అదీ. ఇన్ని విడి తీగలకు బదులు ఒకే ముక్కగా ఇస్తే డబ్బా తయారీదార్ల సొమ్మేం పోతుందో! కొందరు ఇస్తున్నారు, అందరూ కాదు.

అంగడతను భయపడేది వీటికి కాదు, యూఎస్‌బీ తీగలకు. పాత బోర్డుల్లో ఫైర్‌వైర్ అనే మరో రకం పిన్నులూ అచ్చం యూఎస్‌బీ పిన్నుల్లాగే ఉంటాయి, కానీ వాటిలో 12 వోల్టులు రావచ్చు. పొరపాటున యూఎస్‌బీ తీగను అక్కడ గుచ్చితే తర్వాత పెట్టే పెన్‌డ్రైవు గోవిందా.

మూలనున్న పాత కంప్యూటర్లలో ఒకదాని పవర్ బటన్ అరిగిపోయి లోపలికి కూరుకుపోయింది. నొక్కినట్టే ఉండిపోవడంతో లేచిన నాలుగు సెకన్లకే ఆగిపోతోందట. అతను పవర్ తీగ పీకేసి, ఆ చోట రీసెట్ తీగ గుచ్చాడు. రెండూ ఒక జాతి స్విచ్చిలే కదా. ఇక రీసెట్ బటనే పవర్ బటన్. "రీసెట్ ఎవరు నొక్కుతారు సార్ ఈ కాలంలో?" అని నవ్వాడు.

ఇందాక ఊడబెరికిన తీగలు తిరిగి గుచ్చే పని కుర్రాడికే అప్పజెప్పాడు. మరుగునీళ్ళలో గూడు కొస వెతికి పట్టే ఇంటి చేతులు, తడబడలేదు. కంప్యూటరు లేచింది, పవర్ లైటు వెలిగింది. హార్డ్‌డిస్క్ లైటు మాత్రం వెలగలేదు. కుర్రాడు తలెత్తి చూశాడు. అంగడతను జెరాక్స్ కాగితాలు లెక్కపెట్టుకుంటున్నాడు. కుర్రాడు కంప్యూటరు ఆపి, ఆ తీగను లాగి, తిప్పి గుచ్చి, మళ్ళీ ఆన్ చేశాడు. ఎర్రలైటు మిణుకుమిణుకుమంది.

కూలి ఎంతని అడిగితే "టీ తాగించు" అన్నాడు అంగడతను. గోనెసంచి మడిచి చంకన పెట్టుకుని కుర్రాడు ఎదురంగడికి పరిగెత్తాడు.