ఏసీ గోదాము నుంచి నైట్రోజన్ క్యాను దాకా

చలిలో జీవకణం బతుకుతుందా లేదా అన్నది చాలావరకు దానిలో ఉన్న నీటిని బట్టి తేలుతుంది. ఎండిన గింజలో నీరు తక్కువ కాబట్టి అది గడ్డకట్టే చలికి కూడా ఏళ్ల తరబడి ఓర్చుకుంటుంది. పచ్చి కాయలో, రక్తంలో, వీర్యంలో నీరే ఎక్కువ. అక్కడ వేడి ఎంతకు దిగింది, ఎంత వేగంగా దిగింది, మళ్లీ ఎంత వేగంగా ఎక్కింది అన్న మూడు విషయాల మీద ప్రాణం ఆధారపడుతుంది. గుంటూరు, ప్రకాశం మైదానంలో ఇలా చలిలో దాచే నిల్వలన్నీ ఒకదానికొకటి దగ్గరలోనే ఉన్నాయి. గుంటూరు చుట్టూ మిర్చి ఏసీలు, ఊళ్లో ఆసుపత్రుల రక్తనిధులు, లాం పశు పరిశోధన స్థానం, అక్కడి నుంచి ఒంగోలు పల్లెల దాకా పశువుల కృత్రిమ గర్భధారణ సూదులు మోసుకు తిరిగే నైట్రోజన్ క్యాన్లు.

శీతల గిడ్డంగిని గుంటూరులో ఎవరూ ఆ పేరుతో పిలవరు. అందరికీ అది ఏసీ. కల్లాల్లో ఎండిన కాయ జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి యార్డుకు ముమ్మరంగా వస్తుంది. ధర నచ్చని రైతు, ముందు నెలల మీద ఆశ పెట్టుకున్న వ్యాపారి టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, ఏసీకి తోలతారు. ఈ వ్యాసకర్త చూసిన ఏసీలో తలుపు తెరవగానే చలికంటే ముందు ఘాటు తగిలింది. బయట ఎండ మాడుస్తుంటే హమాలీలు తలకు, ముక్కుకు తువ్వాళ్లు చుట్టుకుని లోపల టిక్కీలు పేరుస్తున్నారు. అంతస్తుల మధ్య సందులు వదిలిన చెక్కల నేల, దాని మీద గాలి ఆడేలా వరసలు. అమోనియా యంత్రాలు గదులను సున్నాకు కొంచెం పైన, 4 నుంచి 8 డిగ్రీల ప్రాంతంలో ఉంచుతాయి.

ఆ చలిలో ఏదీ గడ్డకట్టదు. జరిగేదల్లా రసాయన చర్యలు మందగించడం. వేడి 10 డిగ్రీలు తగ్గితే చాలా చర్యల వేగం సగానికో, మూడో వంతుకో పడిపోతుంది. మిర్చి ఎరుపుకు కారణమైన క్యాప్సాంథిన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వెలిసిపోవడం నెమ్మదిస్తుంది. బూజు పెరగదు, కాయను తొలిచే పురుగు పిల్లలు పెట్టదు. ఎండిన కాయ తోలులోని కణాలు కల్లంలోనే చనిపోయాయి. గింజలోని మొలక మాత్రం బతికే ఉంటుంది. కాయలో తేమ 10, 12 శాతం మించకూడదని ఏసీ వాళ్లు పట్టుబడతారు. తేమ ఉన్న సరుకు చలిలోనూ మెత్తబడి నల్లబడుతుంది.

ఇదే చలిలో పచ్చిమిర్చి నిలవదు. సుమారు 7 డిగ్రీల కింద కొన్నాళ్లు ఉంచితే తోలు మీద గుంటలు పడతాయి, లోపల గింజలు గోధుమ రంగుకు తిరుగుతాయి. గడ్డకట్టకుండానే జరిగే నష్టమిది. ఉష్ణదేశపు మొక్కల కణపొరల్లోని కొవ్వు చలికి బిగుసుకుపోతుంది. పొర పట్టు తప్పి లోపలి ఉప్పు, నీరు బయటికి కారతాయి. పత్తికీ ఇదే బలహీనత ఉంది. 15 డిగ్రీల కంటే చల్లని తడి నేలలో వేసిన పత్తి విత్తనం నీరు పీల్చుకునే తొలి గంటల్లోనే దెబ్బతింటుంది. గుంటూరు నల్లరేగడిలో విత్తే వేళకు నేల వెచ్చగా ఉంటుంది కనుక ఇక్కడి రైతుకు ఆ బెడద లేదు. అదే పత్తి గింజనూ, మిర్చి గింజనూ తేమ 5 నుంచి 7 శాతానికి దించి మూట కడితే, మైనస్ 18 డిగ్రీల్లో పెట్టినా మొలక చెడదు. మంచుగా మారడానికి సరిపడా నీరు అందులో ఉండదు. విత్తన జన్యునిధులు నడిచేది ఈ సూత్రం మీదే.

రక్తనిధిలో లెక్క వేరు. ఎర్ర కణాల సంచులను 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉంచుతారు. కలిపిన ద్రావణాన్ని బట్టి 35 లేదా 42 రోజులు వాడుకోవచ్చు. ఆ చలిలో కణపొర మీది సోడియం, పొటాషియం పంపులు మందగించి, పొటాషియం కొద్దికొద్దిగా బయటికి వస్తుంటుంది. గడువు పెట్టడానికి ఒక కారణం అదే. పొరపాటున సంచి గడ్డకడితే కణాలు పగిలి ఎరుపు మొత్తం ద్రవంలోకి దిగుతుంది, ఇక దాన్ని పారబోయాల్సిందే. ప్లేట్‌లెట్లకు ఆ మాత్రం చలి కూడా పనికిరాదు. వాటిని 20 నుంచి 24 డిగ్రీల్లో నెమ్మదిగా కుదుపుతూ అయిదు రోజులు మాత్రమే ఉంచుతారు. ప్లాస్మాలో కణాలు ఉండవు కాబట్టి దాన్ని మైనస్ 30లో గడ్డకట్టించి ఏడాది దాచుతారు. ఒకే మనిషి రక్తానికి మూడు రకాల నిల్వ!

అమరావతి దారిలో గుంటూరుకు దగ్గరలోనే లాం ఉంది. వ్యవసాయ పరిశోధన స్థానం మిర్చి, పత్తి మళ్లు ఒకవైపు, శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఒంగోలు పశువుల కొట్టాలు మరోవైపు. మూపురం ఎత్తి, గంగడోలు ఊపుతూ నడిచే ఈ తెల్లని పశువులు కృష్ణా, పెన్నా నదుల మధ్య నేలవి. ఒంగోలు దగ్గరి కరవది గ్రామం పేరుతో ఒక ఆబోతు 1960ల తొలినాళ్లలో బ్రెజిల్ చేరి, అక్కడి నెలోర్ జాతికి పెద్ద మూలపురుషుల్లో ఒకటైంది. సొంత గడ్డ మీద మాత్రం ట్రాక్టర్లు వచ్చాక ఎద్దుకు పని తగ్గింది, సంకర ఆవులు వచ్చాక పాడికీ పోటీ పెరిగింది. జాతి నిలవాలంటే మేలైన ఆబోతు బతికున్నప్పుడే దాని వీర్యాన్ని దాచుకోవాలి. లాంలో పిండ మార్పిడి పద్ధతిలోనూ ఒంగోలు దూడలను పుట్టించారు. వీర్యాన్ని గడ్డకట్టించే ప్రభుత్వ కేంద్రాలు నంద్యాల, విశాఖపట్నం, బనవాసిల్లో ఉన్నాయి.

వీర్యకణానికి మొదటి గండం గడ్డకట్టక ముందే ఎదురవుతుంది. ఒంటి వేడి నుంచి 5 డిగ్రీలకు ఒక్కసారిగా దించితే కణపొర చెడుతుంది. గుడ్డు పచ్చసొన కలిపితే అందులోని కొవ్వు పదార్థం పొరను కాస్తుందని 1940లో ఫిలిప్స్, లార్డీ చూపించారు. పచ్చసొన కలిపిన ద్రావణంలో వీర్యాన్ని పలచన చేసి, నెమ్మదిగా 4 డిగ్రీలకు దించి, నాలుగు గంటల పాటు అలా వదిలేస్తారు.

రెండో గండం మంచు. నీరు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతుంది. అయితే కణాలు చనిపోవడానికి ఆ ఉబ్బు ఒక్కటే కారణం కాదు. మంచు మొదట కణం బయట పుడుతుంది. అది నీటిని మాత్రమే తీసుకుని ఉప్పును వదిలేస్తుంది కనుక మిగిలిన ద్రవం చిక్కని ఉప్పునీరవుతుంది. మాగాయకు ఉప్పు పట్టించిన మామిడి ముక్క ఊట వదిలినట్టు, కణం తన నీటిని బయటికి వదిలి ముడుచుకుపోతుంది. చలి మరీ నెమ్మదిగా ఎక్కితే కణం ఆ ఉప్పులో ఎక్కువసేపు నాని చస్తుంది. మరీ వేగంగా ఎక్కితే నీరు బయటికి వెళ్లే వ్యవధి దొరక్క లోపలే మంచు ముక్కలు పుట్టి పొరలను చీలుస్తాయి. ఈ రెండు రకాల చావుల సంగతి 1972లో పీటర్ మేజూర్ వివరంగా చెప్పారు. ప్రతి జాతి కణానికీ ఈ రెంటి నడుమ ఒక తగిన వేగం ఉంటుంది. ఎర్ర కణానికి సరిపోయిన వేగం అండానికి సరిపోదు.

ఈ దారిని వెడల్పు చేసింది గ్లిజరాల్. 1949లో లండన్‌లో పోల్జ్, స్మిత్, పార్క్స్ కోడిపుంజు వీర్యం మీద పనిచేస్తుండగా, చక్కెర ద్రావణం అనుకున్న సీసా ఒకటి అనుకోకుండా మంచి ఫలితమిచ్చింది. పరీక్షిస్తే అందులో ఉన్నది గ్లిజరాల్. అది కణంలోకి చొరబడి నీటితో కలిసిపోతుంది. మంచు తక్కువగా ఏర్పడుతుంది, ఉప్పు మరీ చిక్కబడదు. ఎద్దు వీర్యానికి ఆరేడు శాతం గ్లిజరాల్ సరిపోతుంది. తరవాత పావు మిల్లీలీటరు పట్టే సన్నని స్ట్రాల్లో నింపి, యంత్రంలో కొద్ది నిమిషాల్లో మైనస్ 140 ప్రాంతానికి దించి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచుతారు. ఒక్కో స్ట్రాలో 2 కోట్ల కణాలు. కరిగించాక సగమైనా చురుగ్గా ఈదాలన్నది మన దేశంలో పెట్టుకున్న ప్రమాణం. అంటే ఎంత జాగ్రత్త పడినా దాదాపు సగం పోతాయని ముందే లెక్క వేసుకున్నారన్నమాట.

నైట్రోజన్‌లో మునిగిన కణంలో రసాయన చర్య ఏదీ సాగదు. అక్కడ కాలం గడిచినా కణానికి ఏమీ కాదు. 1968లో దాచిన పొట్టేలు వీర్యంతో 2019లో సిడ్నీ విశ్వవిద్యాలయం వారు 56 గొర్రెలకు సూది వేస్తే 34 చూడి కట్టాయి, కొత్త వీర్యంతో సమానంగా. గడ్డకట్టించిన పిండం నుంచి తొలి దూడ 1973లో పుట్టింది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దేశవాళీ జాతుల వీర్యాన్ని ఈ నమ్మకంతోనే దాచుతోంది.

కష్టమంతా చివరి కొద్ది నిమిషాల్లో ఉంది. ప్రకాశం పల్లెల్లో పశువులకు సూది వేసే గోపాలమిత్ర బండికి కట్టుకుని వచ్చే క్యాను చిన్నది, మూడు లీటర్లు పడుతుంది. రెండు గోడల మధ్య గాలి తీసేసిన ఆ పాత్రలోనూ నైట్రోజన్ రోజూ కొంత ఆవిరవుతూనే ఉంటుంది. వేసవి ఎండలో మరీ. మట్టం తగ్గినా, స్ట్రాల గ్లాసును క్యాను మెడ పైకి ఎత్తి వెతుకుతూ నిలబడినా, స్ట్రా వేడెక్కి మళ్లీ చల్లబడుతుంది. సన్నని మంచు రవ్వలు కలిసిపోయి పెద్దవవుతాయి. పైకి స్ట్రా ఎప్పటిలాగే ఉంటుంది, లోపల కణాలు చచ్చిపోయి ఉంటాయి. చూడి కట్టకపోతే ఆవుదే తప్పని రైతు అనుకుంటాడు. ఎన్నో ఏళ్ల శ్రమతో దాచిన మేలుజాతి సొత్తు ఇలా క్యాను మూత దగ్గర పాడవడం అన్యాయం.

కరిగించడం కూడా వేగంగానే జరగాలి. నెమ్మదిగా కరిగితే అదే మంచు పెరిగే దశలో కణం ఎక్కువసేపు చిక్కుకుంటుంది. స్ట్రాను 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచి, తుడిచి, వెంటనే వాడాలి. అరచేతిలో రుద్దడం, జేబులో పెట్టుకోవడం, చెరువు నీళ్లలో ముంచడం పనికిరావు. స్ట్రా బాగున్నా సూది వేళ తప్పితే ఫలితం ఉండదు. కాబట్టి పాడి రైతులు ఈ రెండు పనులు చేయాలి. ఉదయం ఎదకు వచ్చిన పశువుకు ఆ సాయంత్రమే, సాయంత్రం వస్తే మర్నాడు ఉదయమే సూది వేయించాలి. సూది వేసే మనిషి వచ్చేసరికి ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు, ఒక థర్మామీటరు సిద్ధంగా పెట్టి, స్ట్రా ఆ నీళ్లలో కరిగేదాకా పక్కనే నిలబడాలి.