సెనక్కాయ చేనును శాస్త్రపత్రికలును

మన అనంతపురపు మెట్టభూములలో వాన యెంత కురియునో, వేరుసెనగ యెంత పండునో తెలుపు పరిశోధన వ్యాసములు లోకమున చాల గలవు. అయితే ఆ చేను దున్నువాని బిడ్డలకు అవి యందుచున్నవా యను ప్రశ్న కొంతకాలముగా నన్ను వెన్నాడుచున్నది.

గత సంవత్సరము తొమ్మిదవ తరగతి బాలుడొకడు, "అయ్యగారూ, మా నాయన ఎప్పుడూ టీఎంవీ రెండే ఏస్తాడు. కొత్త రకం మేలంటారు, నిజమేనా?" అని యడిగెను. టీఎంవీ 2 అనునది 1940లో తిండివనమునుండి వెలువడిన రకము. మన రైతులకు తాతలనాటి చుట్టము. దానికి బదులుగా వేయదగినదని 2006లో విడుదలయినది ఐసీజీవీ 91114. పటాన్‌చెరువునందు 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ వారు దీనిని రూపొందించిరి. వానకాలమున 90 మొదలు 95 దినములలో కోతకు వచ్చును. నడుమ వాన ముఖము చాటువేసినను కొంత తాళుకొనును. కాని రైతునకు పంతులు మాట చాలదు, లెక్క చూపవలెను.

పాఠశాల కంప్యూటరు ముందు ఇద్దరమును కూర్చుంటిమి. మొదట దొరికిన వ్యాసము ఒక విదేశ ప్రచురణకర్తలది. నాలుగు వాక్యముల సారాంశము చూపి, తక్కినదానికి డాలర్లలో వెల యడిగెను. మన రూపాయలలో అది ఒక సంసారమునకు నెల బియ్యపు ఖర్చు.

"ఆ దుడ్డు రాసినాయనకు పోతుందా, అయ్యగారూ?" అనెను బాలుడు.

పోదు. శాస్త్రపత్రికలలో వ్రాసినవానికి సాధారణముగా ఒక్క కాసైనను ముట్టదు. వ్యాసము మంచిచెడ్డలు పరీక్షించు తోటి శాస్త్రజ్ఞులును ప్రాయికముగా ఉచితముగనే ఆ పని చేయుదురు. పరిశోధనకయిన వ్యయమో, పెక్కుసారులు ప్రజలిచ్చిన పన్నులనుండి వచ్చినదే. ఇది విని ఆ బాలుడు నవ్వెను. నాకు మాత్రము నవ్వు రాలేదు.

భౌతికశాస్త్రజ్ఞులు ఇందుకొక త్రోవ ముందే చూచుకొనిరి. పూర్వము వారు తమ వ్యాసములను అచ్చు కాకమునుపే తపాలాలో మిత్రులకు పంపుకొనెడివారు. ఆ మిత్రవర్గమున చేరనివానికి అవి యందవు. 1991లో అమెరికాలోని లాస్ అలమోస్‌నందు పాల్ గిన్స్‌పార్గ్ ఆ ప్రతులను కంప్యూటరునం దుంచి, కోరినవారెల్ల తీసికొనునట్లు చేసెను. నేడది ఆర్కైవ్ అను పేర నడచుచున్నది.

మన పటాన్‌చెరువువారును వెనుకబడలేదు. తమ శాస్త్రజ్ఞుల వ్యాసములను అందరును చదువుకొను ఇంటర్నెట్ భాండాగారమున నుంచవలెనని ఇక్రిశాట్ 2009లో నియమము చేసికొన్నది. మేము వెదకిన లెక్కలు తుదకు అచ్చటనే, వెల లేకుండ దొరికినవి. అంతేకాదు, వేరుసెనగకు పూర్వికములయిన రెండు అడవి మొక్కల జన్యుక్రమమును శాస్త్రజ్ఞులు 2014లోనే లోకమున కంతటికి తెరచి యుంచిరి. దానిపై వ్యాసము పత్రికలో వెలువడినది 2016లో. పేరు రాకమునుపే ఫలము పంచుట నాకు మిక్కిలి నచ్చినది.

ప్రభుత్వమువారు 2025 జనవరి 1నుండి మూడు సంవత్సరములకు 6,000 కోట్ల రూపాయలతో 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అను ఏర్పాటు చేసిరి. ప్రభుత్వ విశ్వవిద్యాలయములు, కళాశాలలు, కేంద్ర పరిశోధనాలయములవారు సుమారు 13,000 పత్రికలను దీనివలన చదువగలరు. మన పూర్వవిద్యార్థులలో పైచదువుల కేగినవారికి ఇది గొప్ప మేలే. ఉన్నత పాఠశాలయు, రైతును ఆ పట్టికలో లేరు. అందుచే ఇక్రిశాట్ వారివంటి భాండాగారములే మనకు దిక్కు.

1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవలో గ్రంథాలయము నడిపి, పుస్తకమును జనుల గుమ్మమునకు చేర్చిరి. మన సీమలో పడవ సాగునంత నీరెక్కడిది! ఇంటర్నెట్‌కు నీటితో పని లేదు గాని, అందు వచ్చు వ్యాసము ఆంగ్లమున నున్నది. కావున దొరికిన పట్టికలోని అంకెలను తెనుగున ఒక కాగితముపై వ్రాయించి బాలుని చేత ఇంటికి పంపితిని.

మరునాడు తండ్రి ప్రశ్న తిరిగి వచ్చెను: "కాయ సరే, కట్టె పశువులు తింటాయా?"

మంచి ప్రశ్న. కరవునాడు కట్టెయే కదా ఎద్దును బ్రదికించునది. వెదకగా, ఈ రకపు కట్టెను మన జిల్లాలోనే పశువులకు మేపి పాల లెక్క చూచిన వ్యాసమును దొరికినది. దానిని తెనిగించు పని ఈ సెలవులకు పెట్టుకొంటిమి. తొమ్మిదవ తరగతివారు ఐదుగురు పేర్లిచ్చిరి.