తాళంచెవి ఎవరి దగ్గర?

మగవాళ్ళు “అలా ఊళ్ళోకి వెళ్ళొస్తా” అంటారు చూశారూ, ఆ మాటకి అర్థమేమిటో ఇన్నేళ్ళ కాపురంలో నాకు తేలనేలేదు. ఊళ్ళోకంటే ఎక్కడికి? ఏం పని మీద? అడిగితే “ఊరికే” అంటారు. అదే మాట మనం ఓ సాయంత్రం చెప్పులు తొడుక్కుంటూ అని చూడండి! “కూరగాయలకా? గుడికా? టైలరు దగ్గరికా?” అని ఇంటిల్లిపాదీ అడుగుతారు. ఏదో ఒక పని చెబితేగానీ గడప దాటలేం. అలాంటిది, ఆడవాళ్ళు ఊరికే కూర్చోడానికి ఊళ్ళో ఒక చోటుండాలనీ, దానికి మునిసిపాలిటీ డబ్బు పెట్టాలనీ ఎవరైనా అంటే నవ్వరూ మరి?

2021లో మునిసిపల్ ఎన్నికలొచ్చినప్పుడు ఈ సంగతి మా చుట్టాల్లో పెద్ద తగవే అయింది. హిందూపురం, ధర్మవరాల్లో మార్చి 10న పోలింగు. కొత్తగా నగర పంచాయతీ అయిన పెనుకొండలో నవంబరు 15న. మూడూ ఒకే రైలుదారి మీది ఊళ్ళు. మేం హిందూపురంలో, మా ఆడబిడ్డ పెనుకొండలో, మా అక్క ధర్మవరంలో. ఇంకేం, వాదన ఫోన్లలో ఊరూరూ తిరిగింది.

నిప్పు రాజేసింది మా తోటికోడలు. ఓట్లడగడానికి వచ్చినాయనతో, “రోడ్డు సరే, కాలవ సరే. సాయంత్రం పూట పిల్లలు ఆడుకోడానికీ, మేం నలుగురం కూర్చోడానికీ ఒక సెంటరు కట్టిస్తారా?” అంది. “తప్పకుండా తల్లీ!” అన్నాడాయన చేతులు జోడించి. ఎన్నికల రోజుల్లో ఏదడిగినా జవాబు అదే కదా! ఆయన అటు వెళ్ళాడో లేదో, మా అత్తగారు అందుకున్నారు.

“నీళ్ళకే దిక్కులేని సీమలో ఆటలిల్లు యాలమ్మా?”

ఆవిడ మాట తీసి పారేసేది కాదు. ఈ ప్రాంతంలో కాపురం చేసిన ఏ ఇల్లాలికైనా ట్యాంకరు చప్పుడు నిద్రలోనూ వినిపిస్తుంది. బిందెల వరసలో నిలబడి సగం వయసు గడిపిన మనిషికి, మునిసిపాలిటీ డబ్బంటే నీళ్ళే గుర్తొస్తాయి. తప్పేముంది?

అక్కకి మాత్రం కోపం వచ్చింది. వాళ్ళది పట్టుచీరల మగ్గం. “ఇల్లే మాకు ఫ్యాక్టరీ. పొద్దున లేచింది మొదలు కండెలు చుట్టడం, పోగులు అతకడం. మీరంతా పని ముగించుకొని ఇంటికి పోతారు. ఇంట్లోనే పనయితే మేం యాడికి పోవల్ల చెప్పు?” అంది. నా దగ్గర జవాబు లేదు.

పెనుకొండ ఆడబిడ్డది ఇంకో బాధ. “విజయనగర రాజులు 1565 యుద్ధం తర్వాత మా ఊరినే రాజధాని చేసుకున్యారు. కోట ఉండాది, గగన్ మహల్ ఉండాది. చూడను వచ్చేవాళ్ళకు అన్నీ ఉండాయి వదినా. ఊర్లో ఉండే మాకే సాయంకాలం కూర్చోను తావు లేదు.”

మావారు పేపరు లోంచి తలెత్తకుండా ఒకే ఒక్క మాటన్నారు: “డబ్బెక్కడిది?”

మా అమ్మాయి లా చదువుతోంది. పుస్తకం తెచ్చి ముందేసుకుంది. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణలో 12వ షెడ్యూలు అని ఒకటుందిట. పట్టణాల పాలక సంఘాలకి అప్పగించదగిన పనులు 18 అందులో రాశారు. నీటి సరఫరా 5వది. పార్కులు, తోటలు, ఆటస్థలాలు 12వది. సాంస్కృతిక, విద్యా విషయాలు 13వది. శ్మశానాలు 14వది. అది విని మా అత్తగారు, “అంటే కాటికి పోకముందే ఆడుకోమని రాసినారన్నమాట!” అన్నారు. ఆవిడ మెత్తబడటం అక్కడే మొదలయింది.

నీళ్ళ డబ్బు సెంటరు మింగేస్తుందన్న భయానికీ జవాబు దొరికింది. మనలాంటి చిన్న పట్టణాలకి 2021 నుంచి 2026 దాకా 15వ ఆర్థిక సంఘం సిఫారసు చేసిన గ్రాంటులో నూటికి 60 రూపాయలు తాగునీటికీ, పారిశుద్ధ్యానికీ కట్టేసి పెట్టారు. వాటిని ఎవరూ ముట్టుకోడానికి లేదు. తక్కిన 40 ఊరి అవసరాన్నిబట్టి వాడుకోవచ్చు, జీతాలకి తప్ప. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయం కోసం రూపాయికి 8 పైసలు మనం ఎటూ కడుతూనే ఉన్నాం. చదువుకునే గదికి పన్ను కట్టడం వింత కానప్పుడు, కూర్చునే గదికి ఖర్చు పెట్టడం వింతెందుకవుతుంది?

పోనీ వినోదం మనకి కొత్తా అంటే అదీ కాదు. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారిది ఆ ధర్మవరమే. 1886లో బళ్ళారిలో ఆయన పెట్టిన నాటక సమాజం పేరు సరసవినోదిని సభ. పేరులోనే వినోదం ఉంది చూశారా! అయితే ఆ రోజుల్లో ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టేవారు. ఆడపాత్రలు ఆడవాళ్ళే వెయ్యాలని తర్వాత బళ్ళారి రాఘవగారు పట్టుబట్టారు. అదీ సంగతి. వినోదం పాతదే, అందులో మనకి చోటే కొత్త.

డబ్బుందనుకుందాం. బిల్డింగూ లేచిందనుకుందాం. అసలు చిక్కు అప్పుడే మొదలవుతుంది. మా చుట్టాలున్న ఒక ఊళ్ళో, పేరెందుకు లెండి, ఇలాగే ఒక హాలు కట్టారు. మొదటి నెల పిల్లలు క్యారమ్స్ ఆడారు. రెండో నెలలో పెళ్ళిళ్ళకి అద్దెకివ్వడం మొదలు. ఆ తర్వాత సాయంత్రాలు పేకాటరాయుళ్ళవయ్యాయి. “ఆడవాళ్ళు మధ్యాహ్నం రెండింటికి రండి, మీరెలాగూ ఖాళీయే కదా!” అన్నారట. తీరా వెడితే తాళం. తాళంచెవి ఎవరో పెద్దమనిషి ఇంట్లో, ఆయన ఊళ్ళో లేడు. బాత్‌రూములో నీళ్ళు లేవు. నాలుగుసార్లు వెళ్ళి వెళ్ళి మానేశారు. ఆఖరికి వచ్చిన మాటేమిటో తెలుసా? “ఆడవాళ్ళ కోసం కడితే ఒక్కరూ రాలేదమ్మా!”

అందుకే నాకనిపిస్తుంది, “కట్టిస్తారా?” అన్నది అడగవలసిన ప్రశ్న కాదు. కట్టించడానికి అందరూ సిద్ధమే, శిలాఫలకం మీద పేరుంటుంది. దీపాల బిల్లుకీ, వాచ్‌మన్ జీతానికీ, ఊడ్చే మనిషికీ ఏ ఫలకమూ ఉండదు. ఏటేటా బడ్జెట్టులో ఆ ఖర్చు రాస్తారా? సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా ఆడవాళ్ళకీ, పిల్లలకీ అని గోడమీద రాస్తారా? పెళ్ళిళ్ళకి నెలలో ఎన్ని రోజులిస్తారు? తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది? ఇవీ ప్రశ్నలు.

మన రాష్ట్రంలో మునిసిపాలిటీల్లో సగం సీట్లు ఆడవాళ్ళవే. తీరా కౌన్సిలరమ్మ ఇంటికి వెడితే మాట్లాడేది ఆవిడ భర్తగారు! తాళంచెవి ఆయన జేబులోకి చేరితే మళ్ళీ మొదటికొచ్చినట్టే. ఆవిడ కొంగుకి ముడివేసి ఉండాలి.

వాదనంతా అయ్యాక, అందరూ పడుకోబోతుంటే మా అత్తగారు మెల్లిగా నా దగ్గరికొచ్చి, “ఆ సెంటర్లో గోడకానుకొని కూర్చోను అరుగుంటాదా?” అనడిగారు. వెనక ఇంటింటికీ అరుగులుండేవి. ఇప్పుడవి ప్రహరీల్లోకీ, స్కూటర్ల కిందికీ పోయాయి. డెబ్భై దాటిన ఆ మనిషి ఊళ్ళో ఇన్నేళ్ళూ ఏం పోగొట్టుకున్నారో నాకప్పుడు తెలిసింది. బిందె పక్కన పెట్టి కాసేపు కూర్చునే చోటు.

మీ వీధికి మళ్ళీ ఓట్లడగడానికి వచ్చినప్పుడు కాఫీ ఇవ్వండి, మర్యాద చెయ్యండి. “తప్పకుండా తల్లీ” అనగానే మాత్రం లోపలికి వెళ్ళిపోకండి. తాళంచెవి సంగతి తేలేదాకా గుమ్మంలోనే నిలబడి ఉండండి. ఏమంటారు?