ఒక కారు పాఠపరిష్కరణ

జీర్ణోద్ధరణ అనే మాటను మనవారు గుడులకూ, చెరువులకూ, ఎప్పుడైనా తాళపత్ర గ్రంథాలకూ మాత్రమే అట్టిపెట్టుకొన్నారు. మోటారు కారుకు ఆ మాట వాడితే వినేవారు నవ్వవచ్చును. కాని 1974లో ఇటలీలో తయారైన ఒక ఆల్ఫా రోమియో స్పైడర్‌ను మా అబ్బాయి అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, తన ఇంటి గ్యారేజీలో విప్పి, బాగుచేసి, మళ్ళీ కూర్చిన వైనాన్ని రెండు విడతలుగా దగ్గర కూర్చుని చూసిన తరువాత, ఆ పనికి మన భాషలో ఇంతకన్న తగిన మాట లేదని నాకు నమ్మకం కలిగినది. సంధులూ సమాసాలూ చెప్పుకొని బ్రతికిన పండితుడికి కారు ఇంజనుతో ఏమి పని అని సందేహించే వారి కోసమే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఆ కారును గురించి. స్పైడర్ మొదటిసారి 1966 మార్చిలో జెనీవా ప్రదర్శనలో కనిపించినది. రూపకల్పన పినిన్‌ఫారినా సంస్థది. ఆ సంస్థను స్థాపించిన బతిస్తా పినిన్‌ఫారినా మరుసటి నెలలోనే మరణించాడు. ఇద్దరు మాత్రమే కూర్చోగల, పైకప్పు మడిచి వెనక్కు వేసుకోగల చిన్న బండి. మొదటి రకానికి ముందూ వెనుకా గుండ్రంగా నున్నగా ఉండడం చేత ఇటలీవారు దానిని ‘ఒస్సో ది సెప్పియా’ అన్నారు. అంటే సెప్పియా అనే సముద్రజీవి ఎముక. మన ఆయుర్వేదం దానినే సముద్రఫేనం అంటుంది. చెవిపోటుకు మా నాయనమ్మ అరగదీసిన ఆ తెల్లని పెంకు పేరు ఒక కారుకు వచ్చినదని తెలిసి నేను చాలాసేపు ఆనందించాను. 1970 నమూనాకు వెనుక భాగాన్ని నిలువుగా కోసివేసి తోకను పొట్టి చేశారు. మా వాడిది ఆ తరువాతి కాలపు బండి.

కొన్ననాడు అది చూడడానికి ఎర్రగా, నిగనిగలాడుతూనే ఉన్నదట. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు ఇనుమును లోలోపలే తినివేస్తుంది. మా వాడు ఒక చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి తలుపుల క్రింద, చక్రాల పైన ఉన్న వంపుల వెంట నెమ్మదిగా నడిపించాడు. ఇనుము ఉన్నచోట అది పట్టుకొన్నది. లేనిచోట జారిపోయినది. జారిన చోటల్లా ఎవరో చిల్లులను పుట్టీతో పూడ్చి పైన రంగు వేశారన్నమాట. గీకి చూస్తే ఒకచోట వ్రేలి మందాన పుట్టీ ఊడివచ్చినది.

అప్పుడు నాకు మా విద్య గుర్తుకు వచ్చినది. పాత ప్రతిని పరిష్కరించేవాడు చేసేది ఇదే కదా. తాటాకును పురుగు తిన్నచోట ఒక వ్రాయసగాడు తనకు తోచిన అక్షరాలు పూరిస్తాడు. గణం సరిపోతుంది, యతి కుదురుతుంది, పైకి నిగనిగలాడుతుంది. అర్థమనే అయస్కాంతాన్ని తాకించినప్పుడు మాత్రమే అది జారిపోతుంది. ఆ మాట మా వాడితో అంటే, “నాన్నగారూ, అయితే మీరు నాకు పనికివస్తారు” అన్నాడు. అతడు నవ్వులాటకే అన్నాడు గాని నేను మరునాటి నుంచి బల్ల వేసుకొని అక్కడే కూర్చున్నాను.

నా మొదటి ఉద్యోగం లేఖనం. విప్పిన ప్రతి నట్టునూ బోల్టునూ చిన్న సంచిలో వేసి, ఎక్కడిదో, ఎడమదో కుడిదో చీటీ వ్రాసి అంటించడం. విప్పకముందు ఒక ఛాయాచిత్రం, విప్పిన తరువాత ఒకటి. బిగుసుకుపోయిన బోల్టుకు నూనె పట్టించి రాత్రంతా వదలివేయాలి. అప్పటికీ రాకపోతే కాక చూపించాలి. బలవంతం చేస్తే తల విరుగుతుంది, తరువాత ఒక పూట పని. ఈ ఓర్పు గురించి నాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు.

నేను నిజంగా పనికివచ్చినది ముందు భాగంలోని ముద్ర విషయంలో. ఆల్ఫా ముద్రలో ఒక ప్రక్క మిలాన్ నగరపు ఎర్ర శిలువ, మరొక ప్రక్క విస్కోంతి వంశపు సర్పం ఉంటాయి. సర్పం నోటిలో ఒక మనిషి. మింగుతున్నదా, వెలువరిస్తున్నదా అనే చర్చ ఉన్నది. మా వాడి పుస్తకాలు తిరగేస్తుంటే ఒక సంగతి కనబడినది. నేపుల్స్ దగ్గర కర్మాగారం వెలసిన తరువాత, 1972 ప్రాంతంలో, ముద్ర మీది నుంచి ‘మిలానో’ అనే పేరును తొలగించారు. ఈ 1974 బండి ముద్ర మీద మాత్రం ఆ పేరు స్పష్టంగా ఉన్నది. ఇది ప్రక్షిప్తం, కాలదోషం అన్నాను. మధ్యలో ఎవరో ముచ్చటపడి పాత ముద్ర తెచ్చి పెట్టి ఉంటారు. మా వాడు దానిని ఊడదీసి నా చేతికిచ్చాడు. ఇప్పుడది నా వ్రాతబల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా కాపాడుతున్నది.

రంగు దగ్గర తగవు వచ్చినది. డిక్కీ మూల, డాష్‌బోర్డు వెనుక గీకితే ఎరుపు క్రింద బూడిదరంగు, దాని క్రింద ముదురు ఆకుపచ్చ బయటపడినవి. పుట్టినప్పటి రంగు ఆకుపచ్చ. ఇటలీ కారు అంటే ఎరుపే ఉండాలని మా కోడలి పట్టు. పందేలలో ఇటలీ జాతి రంగు ఎరుపు కాబట్టి ఆమె వాదంలోనూ బలం లేకపోలేదు. కాని ఆ బలం జాతికి సంబంధించినది, ఈ ప్రతికి సంబంధించినది కాదు. నేను మాట్లాడలేదు. మనుమరాలు ఆకుపచ్చ అన్నది, తీర్పు వచ్చినది.

అసలైన సమస్య ఇంజను దగ్గర ఎదురైనది. స్థూలంగా చెబుతాను. అమెరికాలో పొగ నిబంధనలు కఠినమైనప్పుడు ఆల్ఫావారు 1969 నుంచి అక్కడికి పంపే బండ్లకు కార్బురేటర్లు తీసివేసి ‘స్పీకా’ అనే యాంత్రిక ఇంజెక్షన్ పంపును అమర్చారు. డీజిలు యంత్రాల విద్య నుంచి పుట్టినది అది. నాలుగు సిలిండర్లకు నాలుగు చిన్న పిస్టన్లు. ఏ వేగానికి, కాలు ఎంత నొక్కితే ఎంత పెట్రోలు కొలిచి ఇవ్వాలో లోపల చెక్కిన ఒక చిత్రమైన క్యామ్ నిర్ణయిస్తుంది. విద్యుత్ మెదడు ఏదీ లేదు, లెక్క అంతా లోహంలోనే చెక్కి ఉన్నది. సరిగా ఉంటే చక్కగా పనిచేస్తుంది. చెడితే మాత్రం ఊరి మెకానిక్కులకు అంతుబట్టదు. అందుచేత అనేకమంది దానిని పీకివేసి వెబర్ కార్బురేటర్లు పెట్టుకొన్నారు. మా వాడి బండికీ అదే జరిగినది. అయితే అమ్మినవారు పుణ్యాత్ములు. పీకిన పంపును ఒక చెక్కపెట్టెలో పెట్టి బండితోపాటు ఇచ్చారు.

వెబర్లనే ఉంచుదామని మా వాడి ఉద్దేశం. అవి నడుస్తున్నాయి, ధ్వని బాగుంటుంది, భాగాలు దొరుకుతాయి. పైగా ఐరోపాలో అమ్మిన స్పైడర్లకు కార్బురేటర్లే ఉండేవి, కాబట్టి అది తప్పు కాదు, పాఠాంతరం అని నా పరిభాషనే నా మీదికి ప్రయోగించాడు. స్పీకాను బాగుచేయగలవారు ఆ దేశంలో వేళ్ళ మీద లెక్కించదగినంతమంది. ఖర్చు ఎక్కువ, నెలలు పడుతుంది.

నేను అతడికి మా గురువులు నేర్పిన ఒక సూత్రం చెప్పాను. రెండు పాఠాలు ఎదురైనప్పుడు సులభమైన పాఠాన్ని అనుమానించాలి, కఠినమైన దానిని గౌరవించాలి. ఎందుకంటే వ్రాయసగాడు తనకు తెలియని కఠిన పదాన్ని తీసి తెలిసిన తేలిక పదం పెడతాడే గాని, తేలిక పదాన్ని తీసి కఠినపదం పెట్టడు. “మరొక దేశపు ప్రతిలో ఉన్నది నిజమే నాయనా, ఈ ప్రతిలో లేదు. దీనిని తీసినవాడు ఇది చెడ్డదని తీయలేదు, చదవలేక తీశాడు. నీవు కూడా చదవకుండా వదిలితే ఇక చదివేవాడు ఎవడు?” అన్నాను. అతడు జవాబు చెప్పలేదు. వారం తరువాత ఆ పెట్టెను తపాలాలో ఒక నిపుణుడికి పంపించాడు. నా మాట విన్నాడో, ఆయన దగ్గర వరుస దొరికినదో నేను అడగలేదు.

పంపు తిరిగివచ్చేలోగా మిగిలిన ఇంజను పని నడిచినది. ఈ ఇంజనుకు దిమ్మ అల్యూమినియంది. అందులో ఇనుప లైనర్లు విడిగా దిగుతాయి, అరిగితే పిస్టన్లతో సహా మార్చవచ్చు. కవాటాల సందును సరిచేయడానికి మర లేదు. సన్నని టోపీల వంటి షిమ్‌లు ఉంటాయి. ప్రతి కవాటం దగ్గర సందు కొలవాలి, ఎంత మందం షిమ్ కావాలో లెక్కకట్టాలి, విప్పి అది పెట్టాలి, మళ్ళీ కొలవాలి. ఎనిమిది కవాటాలు. లఘువు ఒకటి ఎక్కువైతే పాదమంతా చెడినట్లే. హెడ్డు బోల్టులను నడిమి నుంచి అంచులకు వరుసగా, కొలిచిన బలంతో బిగించాలి. రంగును మాత్రం ఇంట వేయలేదు. ఈనాటి రంగులలోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు ప్రమాదకరం. గాలి సరఫరా ఉన్న ముసుగు లేకుండా వాటి జోలికి పోరాదని బయటి వారికి అప్పగించాడు.

ఇన్ని మార్చిన తరువాత ఇది ఆ కారేనా? మిళిందరాజుకు నాగసేనుడు వేసిన ప్రశ్న ఇదే. ఇరుసు రథమా, చక్రం రథమా, కాడి రథమా? ఏదీ కాదు, అన్నీ కూడితే వ్యవహారంలో రథమని పేరు. కార్లవారు ఆ పేరును ఇంజను వెనుక గోడ మీద కొట్టిన చాసిస్ అంకెలలో నిలుపుకొన్నారు. అంతటితో తృప్తి పడలేదు కూడా. కట్టడాల పరిరక్షణకు 1964లో వెనిస్‌లో ఒక ధర్మపత్రం వ్రాసుకొన్నారు. ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగాలనేది అందులోని ముఖ్య నియమం. దాని ఒరవడిలోనే అంతర్జాతీయ ప్రాచీన వాహనాల సమాఖ్య ‘ఫీవా’ 2012లో టురిన్ ధర్మపత్రాన్ని ఆమోదించినది. మార్చినది ఏదో తెలిసేటట్లు ఉంచాలి, వ్రాసి పెట్టాలి అని అందులోనూ ఉన్నది. మన పరిష్కర్తల అధోజ్ఞాపికలు చేసే పని అదే.

అందుకే రెండు చోట్ల మేము చేయి పెట్టలేదు. డ్రైవరు కాళ్ళ క్రింది రేకుకు ఎవరో ఒక అతుకు వేసి ఉన్నారు. వంకరటింకర వెల్డింగు, కాని గట్టి ఇనుము, దాపరికం లేని పని. పుట్టీవాడు లోపాన్ని దాచాడు, ఇతడు లోపాన్ని ఒప్పుకొని కట్టాడు. తుప్పు తుడిచి, మందు పూసి ఆ అతుకును అలాగే ఉంచాము. డిక్కీ మూల అరచేయంత మేర ఎరుపును కూడా వదలివేశాము. మా కోడలికి అది చాలునట.

పంపు వచ్చినది, అమరినది, ఒకటి రెండు చిన్న సర్దుబాట్ల తరువాత ఇంజను పలికినది. ఆ ధ్వనిని వర్ణించే శక్తి నాకు లేదు. నాకు సంతోషం కలిగించినది మరొకటి. సంచుల మీది చీటీలన్నీ ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించాము. ఏది మూలం, ఏది మార్పు, ఎందుకు మార్చాము, ఏది ఊహించవలసి వచ్చినదీ అందులో తేదీలతో సహా ఉన్నది. ఆంగ్లం మా వాడిది, తెలుగు నాది. ముప్ఫై యేళ్ళ తరువాత ఈ బండిని ఇంకొకరు విప్పుతారు. వారికి మా తెలుగు అర్థం కాకపోవచ్చును. కాని అయస్కాంతం పట్టుకొని మా పనిలో పుట్టీ కోసం వెదకనక్కరలేదు. పరిష్కర్త తన తరువాతి చదువరికి చేయగలిగిన మేలు అంతే.