అత్త యూనిట్ నుంచి అమ్మ గుడి దాకా

కాన్‌బెరా నుంచి సెలవులకు వచ్చిన ప్రతిసారీ ఈ వ్యాసకర్తది ఒకే వరస. విశాఖలో దిగడం, ఆమదాలవలస చేరడం, అరసవల్లి, శ్రీకూర్మం దర్శనాలు, చుట్టాల ఇళ్లలో భోజనాలు, మళ్లీ విమానం. కిందటి జనవరిలో మాత్రం అమ్మ పట్టుబట్టింది. "మీ అత్త ఎన్నేళ్లబట్టి రమ్మంటోంది. ఈసారైనా మమ్మల్ని భువనేశ్వరం తీసుకెళ్లరా బాబూ." మామయ్య రైల్వే ఉద్యోగంతో ఖుర్దారోడ్‌లో స్థిరపడి, రిటైరయ్యాక భువనేశ్వర్‌లో ఇల్లు కట్టుకున్నారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒడిశా చుట్టరికం ఉన్న ఇళ్లు తక్కువేమీ కావు.

శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలెక్కితే పలాస, ఇచ్ఛాపురం, బరంపురం. ఆ తర్వాత చిలకా సరస్సు కిటికీ పక్కకే వచ్చేస్తుంది. కాన్‌బెరాలో పుట్టిన పదకొండేళ్ల కూతురు ఆ నీళ్లను చూస్తూ తన ఊళ్లోని చెరువు గురించి నాన్నమ్మకు చెప్పడం మొదలుపెట్టింది. అది కాన్‌బెరా రూపకర్త గ్రిఫిన్ పేరు మీదున్న సరస్సు. ఊరి పటం గీసినప్పుడే దాన్నీ గీశారు. నీళ్లు నిండింది మాత్రం 1964లో. "ముందు కాగితం మీద గీసి తర్వాత నీళ్లు పోశారా!" అని అమ్మ ఆశ్చర్యపోయింది.

కాగితం మీద గీసి కట్టిన ఊరే ఇప్పుడు వాళ్లు వెళ్తున్నది కూడా.

కటకం ఇరుకైపోయిందని ఒడిశా కొత్త రాజధాని కట్టుకోవాలనుకుంది. 1948 ఏప్రిల్ 13న నెహ్రూ భువనేశ్వర్‌కు శంకుస్థాపన చేశారు. ప్రణాళిక ఇచ్చినవాడు ఒట్టో కోనిగ్స్‌బెర్గర్. హిట్లర్ కాలంలో జర్మనీలో ఉద్యోగం పోగొట్టుకుని, దేశం విడిచి, మైసూరు సంస్థానంలో ప్రధాన వాస్తుశిల్పిగా పనిచేసిన మనిషి. కాన్‌బెరా పటం గీసిన గ్రిఫిన్ కూడా షికాగో నుంచి వచ్చినవాడే. రెండు రాజధానులనూ పరాయి దేశం వాళ్లే గీశారన్న సంగతి ఒక ప్రవాసికి తట్టకుండా ఉండదు.

కోనిగ్స్‌బెర్గర్ ఊరిని యూనిట్లుగా విడగొట్టాడు. ప్రతి యూనిట్‌లోనూ బడి, బజారు, ఆసుపత్రి నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలన్నది ఆయన లెక్క. అత్త ఇప్పటికీ చిరునామా చెప్పాలంటే "యూనిట్ తొమ్మిది" అంటుంది గానీ వీధి పేరు చెప్పదు. పొద్దున్నే సంచి పట్టుకుని చెట్ల నీడన నడిచి వెళ్లి కూరలు తెచ్చుకుంటుంది. డెబ్బై రెండేళ్ల మనిషికి ఆటో అక్కర్లేని ఊరు! 40 వేల మంది కోసం గీసిన నగరంలో 2011 జనాభా లెక్కల నాటికే ఎనిమిది లక్షల మంది దాటారు. పాత యూనిట్ల వెలుపల ట్రాఫిక్ మామూలే. అయినా ఆ మొదటి గీత బలం ఇంకా కనిపిస్తూనే ఉంది.

నందన్‌కానన్‌లో తెల్లపులులు పిల్లను పూటంతా కట్టిపడేశాయి. పెద్దవాళ్లకు అసలు యాత్ర ఆదివారం పొద్దున మొదలైంది. 2016 చివర్లో ప్రారంభమైన ఏకామ్ర వాక్స్ అనే వారసత్వ నడక ముక్తేశ్వరాలయం దగ్గర బయల్దేరుతుంది. గైడు ఆగిన చోటల్లా ఆగుతూ, పాత బస్తీ సందుల్లోంచి బిందుసాగరం దాకా నడవాలి. ముక్తేశ్వర తోరణం ముందు అందరూ ఫొటోలు తీసుకుంటుంటే అమ్మ మాత్రం తలెత్తి గోపురం కేసే చూస్తూ నిలబడింది. "మన ముఖలింగం సోమేశ్వరుడి గుళ్లాగే లేదురా?"

లేకేం! వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగమే తూర్పు గాంగుల కళింగనగరమని చరిత్రకారుల మాట. అక్కడి మధుకేశ్వరుడి పేరు ఇప్పచెట్టు మీదుగా వచ్చింది, మధూకమంటే ఇప్ప. ఆ వంశంలో 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగు ఉత్తరానికి రాజ్యం పెంచాడు. తర్వాత రాజధాని కటకానికి మారింది. పూరీ జగన్నాథాలయం మొదలుపెట్టింది ఆయనే. కోణార్క కట్టించిన నరసింహదేవుడిదీ ఆ వంశమే. బిందుసాగరం ఒడ్డున అనంత వాసుదేవాలయాన్ని 1278లో కట్టించిన చంద్రికాదేవి ఆ ఇంటి ఆడపడుచే. జలుమూరు మండలంలోని ఒక పల్లెటూరి రాజులు వచ్చి ఇంత కట్టారని చెబితే పిల్ల నమ్మలేదు. అమ్మకు కొత్తగా నమ్మాల్సిన పని లేదు, గోపురం చూడగానే పోల్చేసుకుంది.

అనంత వాసుదేవుడి ప్రసాదం కుండల్లో వండుతారు. అరిటాకు మీద అన్నం, పక్కన కూరముక్కలు వేసి ఉడికించిన పప్పు, కట్టెల పొగ వాసన. తాళింపులో ఉల్లి, వెల్లుల్లి లేవు. అమ్మ రెండోసారి పెట్టించుకుంది.

సాయంత్రం ధౌళి. రాతిలోంచి బయటికి అడుగేస్తున్నట్టు ఏనుగు ముందు భాగం చెక్కి ఉంది. దాని దగ్గరే అశోకుడి శాసనం. కొండ మీద 1972లో కట్టిన శాంతి స్తూపానికే జనం ఎక్కువ. కళింగ యుద్ధం గురించి అశోకుడు బాధపడుతూ చెప్పుకున్న పదమూడో శాసనం ఈ రాతి మీద లేదు. యుద్ధంలో నలిగిన జనానికి ఆ మాటలు చదివి వినిపించలేదన్నమాట. బదులుగా ఇక్కడి అధికారులకు ప్రత్యేకంగా, ప్రజలంతా తన బిడ్డలేనని రాయించాడు. ఆ పదమూడో శాసనం మన తెలుగు నేల మీదే, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉంది. ధౌళి చూసినవాళ్లు ఎర్రగుడి కూడా చూస్తేనే ఆ కథ పూర్తవుతుంది.

చివరి రోజు శిశుపాలగఢ్. యూనిట్లు గీసిన ఊరికి అంచునే రెండు వేల ఏళ్లకు పైబడిన మరో ప్రణాళికా నగరం ఉంది. చతురస్రంగా మట్టికోట, ఒక్కో పక్క కిలోమీటరు పైనే, పక్కకు రెండేసి చొప్పున ఎనిమిది ద్వారాలు. బి.బి. లాల్ ఇక్కడ తవ్వకాలు జరిపింది కూడా 1948లోనే. మధ్యలో ఎర్రరాతి స్తంభాలు నిలబడి ఉన్నాయి. కానీ కోట లోపలికి ఇళ్లు వచ్చేస్తున్నాయి. దారి చూపించే బోర్డు కోసం వెతుక్కుని, చివరికి మేకలు కాస్తున్న కుర్రాణ్ని అడగాల్సి వచ్చింది. గోడ మీద నిలబడి కూతురు అడిగింది: "నాన్నా, మన ఊళ్లో ఇలాంటిది ఉందా?"

ఉంది. సరుబుజ్జిలి మండలంలో దంతవరపుకోట. ప్రాచీన కళింగ రాజధాని దంతపురం ఇదేనని కొందరు పండితుల అభిప్రాయం. దానికి అంత దగ్గరలో, ఆమదాలవలసలో పుట్టి పెరిగిన ఈ వ్యాసకర్త నలభై ఏళ్లలో ఒక్కసారీ అక్కడ అడుగు పెట్టలేదు. ఆ సంగతి కూతురి ముందు ఒప్పుకోవడం కష్టంగానే ఉంది. తిరిగొచ్చిన మర్నాడే వెళ్లారు. ఎత్తయిన మట్టిగట్టు, గడ్డి, పొదలు. అమ్మ కింద చెట్టు నీడలో కూర్చుంది. తండ్రీకూతుళ్లు గట్టెక్కి, శిశుపాలగఢ్‌లో చూసినట్టే, గోడ ఎక్కడ మలుపు తిరుగుతుందో వెతికారు.

శ్రీకాకుళంలో కాలేజీలున్నాయి, ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం ఉంది, చరిత్ర చెప్పగల మాస్టార్లున్నారు. ఆదివారం ఒక పూట ముఖలింగం మూడు గుళ్లు, మరో ఆదివారం దంతపురం, ఇంకోసారి శాలిహుండం బౌద్ధ స్తూపాలు చూపించే నడక మొదలుపెట్టడానికి కోట్లు అక్కర్లేదు. గొంతున్న ఇద్దరు విద్యార్థులు, నాలుగు బోర్డులు, తాగడానికి నీళ్లు చాలు. బోర్డుల ఖర్చు పంచుకోవడానికి కాన్‌బెరాలోని ముగ్గురు సిక్కోలు మిత్రులు ఇప్పటికే సరేనన్నారు. ఈసారి సెలవులకు వచ్చే ఉత్తరాంధ్ర ప్రవాసులు పిల్లల్ని భువనేశ్వర్ తీసుకెళ్లండి. వెళ్లేముందు ఒక రోజు ముఖలింగానికి ఉంచండి.